కట్టడానికి కోట్లు సరే, నడిపేదెవరు?

మురుగునీటి శుద్ధికి, మంచినీటి నాణ్యతకు ప్రభుత్వ నిధులు అందే తీరుపై ఒక విమర్శ

పట్టణానికి మురుగునీటి శుద్ధి కేంద్రం మంజూరైతే పత్రికల్లో వార్త వస్తుంది. ఎన్ని కోట్లతో కడుతున్నారో పెద్ద అక్షరాల్లో వేస్తారు. శంకుస్థాపన ఫొటో వస్తుంది. కొన్నేళ్లకు ప్రారంభోత్సవం ఫొటో కూడా వస్తుంది. ఆ తర్వాత ఆ కేంద్రం గురించి వార్తలు అరుదు. అది రోజుకు ఎన్ని లీటర్ల నీటిని శుద్ధి చేస్తోంది? బయటికి వదిలే నీరు ఎంత శుభ్రంగా ఉంది? దాని కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు? నది బాగుపడటం ఈ ప్రశ్నల జవాబుల మీదే ఆధారపడి ఉంటుంది. కానీ మన నిధుల విధానంలో వీటికి చోటు తక్కువ.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో ప్రకటించిన లెక్కలు చూద్దాం. దేశంలోని పట్టణాల్లో రోజుకు సుమారు 7,237 కోట్ల లీటర్ల మురుగునీరు పుడుతోంది. దాన్ని శుద్ధి చేయడానికి నిర్మించిన కేంద్రాల మొత్తం సామర్థ్యం 3,184 కోట్ల లీటర్లు. అందులో పనిచేస్తున్న స్థితిలో ఉన్న సామర్థ్యం 2,687 కోట్ల లీటర్లు. వాస్తవంగా శుద్ధి అవుతున్నది 2,024 కోట్ల లీటర్లు మాత్రమే. అంటే పుట్టిన మురుగులో 28 శాతం.

ఈ నాలుగు అంకెల్లో మొదటి రెండింటి మధ్య తేడాను అందరూ గుర్తిస్తారు. కేంద్రాలు చాలవు కాబట్టి ఇంకా కట్టాలంటారు. అది నిజమే. కానీ రెండో అంకెకూ నాలుగో అంకెకూ మధ్య తేడా కూడా చిన్నది కాదు. ప్రజల సొమ్ముతో కట్టిన సామర్థ్యంలో మూడో వంతుకు పైగా ఉపయోగంలో లేదు. మురుగును కేంద్రం దాకా తెచ్చే గొట్టాలు పూర్తికాకపోవడం, యంత్రాలు చెడిపోవడం, నడపడానికి డబ్బు లేకపోవడం వంటి కారణాలు దీని వెనుక ఉన్నాయి. ఉన్నవాటినే నడపలేని చోట కొత్తవి కట్టడానికి నిధులిస్తే ఆ అంకెల మధ్య దూరం పెరుగుతుంది తప్ప నది శుభ్రపడదు.

శుద్ధి కేంద్రం భవనం కాదు

రోడ్డు వేసినా, పాఠశాల కట్టినా, కట్టడం పూర్తయితే పెద్ద ఖర్చు తీరినట్లే. శుద్ధి కేంద్రం అలా కాదు. అది సూక్ష్మజీవులు పనిచేసే కార్ఖానా. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని బాక్టీరియా ఆహారంగా తీసుకుని విచ్ఛిన్నం చేస్తుంది. ఆ పనికి వాటికి నీటిలో కరిగిన ఆక్సిజన్ కావాలి. మురుగు నేరుగా నదిలో కలిస్తే ఈ పని నదిలోనే జరుగుతుంది. బాక్టీరియా నదిలోని ఆక్సిజన్‌ను వాడేస్తుంది, చేపలు చచ్చిపోతాయి. ఒక లీటరు నీటిలోని మలినాన్ని విచ్ఛిన్నం చేయడానికి ఎంత ఆక్సిజన్ అవసరమో తెలిపే కొలతనే బి.ఓ.డి. అంటారు.

మన దేశంలో విస్తారంగా వాడే యాక్టివేటెడ్ స్లడ్జ్ పద్ధతిలో తొట్లలోకి పెద్ద బ్లోయర్లతో నిరంతరం గాలి పంపుతారు. కేంద్రానికయ్యే కరెంటులో దాదాపు సగమో, అంతకంటే ఎక్కువో ఈ ఒక్క పనికే ఖర్చవుతుంది. గంటల తరబడి గాలి ఆగితే బాక్టీరియా దెబ్బతింటుంది. మళ్లీ అది తగినంతగా పెరిగి కేంద్రం దారిలో పడటానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. పైగా అడుగున చేరే బురదను తీయాలి, ఎండబెట్టాలి, ఎక్కడికో చేర్చాలి. ఆపరేటర్లు, ప్రయోగశాల, విడిభాగాలు కావాలి. పశువును కొనడానికి అప్పిచ్చి గడ్డికి డబ్బు లేదన్నట్లుగా నిధులిస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

గంగ నేర్పిన పాఠం

ఊహ ఎందుకు? మన ముందు పెద్ద ఉదాహరణే ఉంది. 1986 జూన్ 14న అప్పటి ప్రధాని రాజీవ్ గాంధీ వారణాసిలో గంగా కార్యాచరణ పథకాన్ని ప్రారంభించారు. ఉత్తరప్రదేశ్, బీహార్, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాల్లోని 25 పట్టణాల్లో మొదటి దశ చేపట్టారు. ఆ పట్టణాల్లో అప్పట్లో రోజుకు 134 కోట్ల లీటర్ల మురుగు పుడుతుందని అంచనా. పథకం పెట్టుకున్న లక్ష్యం 88 కోట్ల లీటర్లు. అంటే మూడో వంతు మురుగును మొదటే పక్కనపెట్టారు. 2000 మార్చి నెలాఖరుకు మొదటి దశ ముగిసిందని ప్రకటించే నాటికి సుమారు 452 కోట్ల రూపాయలు ఖర్చయ్యాయి.

నిర్మాణానికి కేంద్ర ప్రభుత్వం పూర్తిగా డబ్బిచ్చింది. నడిపే భారం మాత్రం చివరికి రాష్ట్రాల మీద, స్థానిక సంస్థల మీద పడింది. వాటి ఆదాయం జీతాలకే చాలని స్థితి. కరెంటు కోత ఉన్నప్పుడు ఘాట్ల వద్ద మురుగును ఎత్తిపోసే పంపులు ఆగిపోయేవి. ఆగిన మురుగుకు పోయే దారి ఒకటే, గంగ. వరదల కాలంలోనూ ఇదే తంతు. కంట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2000లో ఇచ్చిన నివేదిక ఈ లోపాలను ఎత్తి చూపింది.

ఆ రోజుల్లోనే వారణాసిలో ఈ సంగతి గట్టిగా చెప్పిన వ్యక్తి వీరభద్ర మిశ్రా. ఆయన ఒకవైపు సంకటమోచన్ ఆలయ మహంతు, మరోవైపు బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో హైడ్రాలిక్ ఇంజనీరింగ్ ఆచార్యులు. కరెంటు రాని ఊళ్లో కరెంటు మీద ఆధారపడే పద్ధతి పెట్టడం తగదన్నది ఆయన వాదన. మురుగును వాలు మీద పారించి, వరుస చెరువుల్లో ఆల్గే, బాక్టీరియాల చేత శుభ్రం చేయించే పద్ధతిని ఆయన ప్రతిపాదించారు. సూర్యకాంతిలో ఆల్గే ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది కాబట్టి అక్కడ బ్లోయర్ల అవసరం తక్కువ. దీనికి భూమి ఎక్కువ కావాలన్నది నిజమైన అభ్యంతరం. అయినా నిధుల విధానం ఇంజనీరింగ్ నిర్ణయాలను ఎలా ప్రభావితం చేస్తుందో ఇక్కడ గమనించాలి. నిర్మాణ ఖర్చు ఒకరిదీ, కరెంటు ఖర్చు మరొకరిదీ అయినప్పుడు, నిర్మించేవారికి కరెంటు పొదుపు గురించి ఆలోచించాల్సిన అవసరం ఉండదు. రెండూ ఒకే జేబులోంచి పోవాల్సి వస్తే చెరువుల లెక్క కూడా ఒకసారి వేసి చూస్తారు.

కోల్‌కతా తూర్పున ఉన్న చిత్తడి నేలలు ఇలాంటి పనే దశాబ్దాలుగా చేస్తున్నాయి. సుమారు 12,500 హెక్టార్ల ఆ ప్రాంతంలో నగరపు మురుగును చెరువుల్లోకి మళ్లించి చేపలు పెంచుతారు. ఎండ, ఆల్గే, చేపలు కలిసి నీటిని శుభ్రం చేస్తాయి. 2002లో దానికి రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. ఆ చెరువులను, వాటికి నీరు తెచ్చే కాలువలను కాపాడే జాలర్ల శ్రమ మాత్రం ఏ శుద్ధి కేంద్రపు అంచనా పత్రంలోనూ ఖర్చు కింద కనిపించదు.

ఎవరికి లాభమో వారే చెల్లించాలా?

నిర్వహణకు డబ్బు లేదనగానే వచ్చే సలహా, ప్రజలనే చెల్లించమనడం. వాడుకునేవాడు డబ్బు కట్టాలన్న మాట న్యాయంగానే వినిపిస్తుంది. కానీ మురుగు విషయంలో లాభం ఎవరిదో విడదీసి చూడాలి. ఇంట్లో మరుగుదొడ్డి ఉంటే లాభం ఆ ఇంటిది. వీధిలో మురుగు గొట్టం ఉంటే లాభం ఆ వీధిది. ఊరి చివర శుద్ధి కేంద్రం ఉంటే లాభం ఎవరిది? ప్రధానంగా దిగువనున్న ఊళ్లది. హైదరాబాదు వాడి వదిలిన నీరు మూసీ గుండా ఉమ్మడి నల్లగొండ జిల్లా పల్లెల మీదుగా పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ నీటితో వరి పండించే రైతు నగరంలో పన్ను కట్టడు, అక్కడి ఎన్నికల్లో ఓటు వేయడు. నష్టం మాత్రం భరిస్తాడు. నగరవాసి ఎంత సంతోషంగా చెల్లిస్తాడన్న దాని మీద శుద్ధిని వదిలేస్తే ఆ రైతు మాట అడిగేవారు ఉండరు. అందుకే శుద్ధికి రాష్ట్ర, కేంద్ర నిధులు రావాలనడం దానం కాదు, న్యాయం.

ఈ తేడాను ఆచరణలో చూపించినది కరాచీలోని ఒరంగీ. ప్రభుత్వ ప్రణాళికలో లేని పెద్ద బస్తీ అది. 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ అక్కడ ఒక ప్రయోగం మొదలుపెట్టారు. ఒక్కో సందులోని ఇళ్లవారు కలిసి, తమ డబ్బుతో, తమ పర్యవేక్షణలో మరుగుదొడ్లు కట్టుకున్నారు, సందు గొట్టాలు వేసుకున్నారు. సంస్థ పటాలు గీసి, పనిముట్లు ఇచ్చి, మెళకువలు నేర్పింది. కాంట్రాక్టరు లేకపోవడంతో ఖర్చు బాగా తగ్గింది. ఖాన్ తర్వాత ఈ పనిని ముందుకు నడిపిన వాస్తుశిల్పి పర్వీన్ రెహమాన్ 2013లో హత్యకు గురయ్యారు.

ఒరంగీని మెచ్చుకునేవారు చాలామంది ప్రజలు తమ పని తాము చేసుకోగలరన్న మాటతో ఆగిపోతారు. ఆ ప్రయోగం చెప్పిన రెండో సగం కూడా ముఖ్యమే. ఇల్లు, సందు వరకు ప్రజల బాధ్యత. పెద్ద కాలువలు, శుద్ధి కేంద్రాలు ప్రభుత్వ బాధ్యత అని అది స్పష్టంగా గీత గీసింది. ప్రజలు తమ వాటా పని చేశారు. ప్రభుత్వ వాటా వెనుకబడింది. కరాచీ మురుగులో అధిక భాగం శుద్ధి కాకుండానే అరేబియా సముద్రంలోకి పోతోంది. సందు శుభ్రపడింది, సముద్రం మురికైంది. ప్రజల చందాతో ఎంతవరకు చేయవచ్చో, ఎక్కడ చేయలేమో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ దొరకదు.

తాగునీటిలోనూ అదే లోపం

మన నల్లగొండ పేరుతో ప్రపంచమంతటా తెలిసిన ఒక పద్ధతి ఉంది. నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించిన నల్లగొండ పద్ధతిలో ఫ్లోరైడ్ ఉన్న నీటికి సున్నం, పటిక, బ్లీచింగ్ పొడి కలిపి కలియబెట్టి, తేరనిచ్చి, వడపోస్తారు. ఖరీదైన యంత్రాలేమీ అక్కర్లేదు. కానీ నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉందో, క్షారత ఎంత ఉందో చూసి పటిక మోతాదు నిర్ణయించాలి. పటిక రోజూ కొనాలి. అడుగున చేరే బురదను తీయాలి. రసాయన సూత్రం సులువే, రోజువారీ క్రమశిక్షణే కష్టం. పటికకు డబ్బు లేని రోజున ఆ ట్యాంకు మామూలు ట్యాంకు అవుతుంది. తాగేవారికి తేడా తెలియదు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగితే మొదట పళ్ల మీద మచ్చలు వస్తాయి. ఫ్లోరైడ్ మరీ ఎక్కువైతే ఎముకలు వంకరపోతాయి.

2002 డిసెంబరులో మొదలైన స్వజలధార పథకంలో నిర్మాణ ఖర్చులో 10 శాతం గ్రామస్థులు భరించాలన్నారు. నిర్వహణ ఖర్చు మొత్తం వారిదే. తమ డబ్బు పెడితే తమదిగా చూసుకుంటారన్న ఆలోచనలో కొంత నిజముంది. అయితే ఒక లెక్క వేయండి. మంచి భూగర్భజలం ఉన్న గ్రామానికి బోరు, ట్యాంకు, గొట్టాలు చాలు. ఫ్లోరైడ్ ఉన్న గ్రామానికి వీటితోపాటు శుద్ధి కూడా కావాలి, ఆ ఖర్చు ఏటా ఉంటుంది. శాతం ఒకటే అయినా రెండో గ్రామం ఎక్కువ చెల్లిస్తుంది. తమ ఊరి కింద ఏ రాయి ఉందన్న దానికి గ్రామస్థులు జరిమానా కట్టినట్లవుతుంది. సమాన శాతం అన్నది ఇక్కడ సమాన న్యాయం కాలేదు.

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ 3.60 లక్షల కోట్ల రూపాయల అంచనాతో మొదలైంది. దీనిలోనూ గ్రామస్థుల వాటా ఉంది. కొండ, అటవీ ప్రాంతాల్లో, దళిత, గిరిజనులు సగానికి మించి ఉన్న గ్రామాల్లో అది 5 శాతం, మిగతా చోట్ల 10 శాతం. నగదుగా గానీ శ్రమగా గానీ ఇవ్వవచ్చు. స్వజలధారతో పోలిస్తే ఇది మెరుగే. కానీ నీటి నాణ్యత పరిశీలనకు కేటాయించింది నిధుల్లో 2 శాతం వరకే. ఇంటింటికీ ఎన్ని కుళాయిలు ఇచ్చారన్నది ప్రతి వేదిక మీదా వినిపించే లెక్క. ఆ కుళాయిలో వచ్చే నీటిని ఏడాదిలో ఎన్నిసార్లు పరీక్షించారన్నది అంతగా వినిపించని లెక్క. కుళాయి కంటికి కనిపిస్తుంది, నైట్రేట్ కనిపించదు. నిధులు కనిపించేదాని వెంట పరుగెత్తుతాయి.

ఈ విషయంలో 15వ ఆర్థిక సంఘం చేసిన పని మెచ్చదగింది. 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫారసు చేసిన గ్రాంట్లలో 60 శాతాన్ని నీటికి, పారిశుధ్యానికి కట్టిపడేసింది. ఐదేళ్లకు ఆ మొత్తం 1.42 లక్షల కోట్ల రూపాయలు. ఏటా వచ్చే డబ్బు కాబట్టి పటికకూ, పంపు మరమ్మతుకూ పనికొస్తుంది. ఒకసారి వచ్చే పెద్ద మొత్తం కంటే ఏటా తప్పకుండా వచ్చే చిన్న మొత్తం నీటి పథకాలకు ఎక్కువ మేలు చేస్తుంది.

అప్పులు, బాండ్లు, అమ్మకాలు

గ్రాంటు కాకుండా వేరే దారులు లేవా? ఉన్నాయి. 1998లో అహ్మదాబాదు నగరపాలక సంస్థ రాష్ట్ర ప్రభుత్వ హామీ లేకుండానే 100 కోట్ల రూపాయల బాండ్లు అమ్మి నీటి, మురుగు పనులకు డబ్బు సేకరించింది. దానికి ముందు పన్నుల వసూలును చక్కదిద్దుకుంది కాబట్టే అప్పు పుట్టింది. చిన్న పట్టణాలకు విడిగా అప్పు పుట్టదు. అందుకని తమిళనాడులో 13 చిన్న స్థానిక సంస్థలను కలిపి 2002లో ఉమ్మడిగా సుమారు 30 కోట్ల రూపాయల బాండ్లు జారీ చేశారు. 2021లో గాజియాబాదు 150 కోట్ల రూపాయల బాండ్లు అమ్మింది. మురుగును మరింతగా శుద్ధి చేసి పరిశ్రమలకు అమ్మే కేంద్రం కోసం ఆ డబ్బు.

చెన్నై పక్కనున్న ఆలందూరు కథ ఇంకా ఆసక్తికరం. 1990ల చివర్లో ఆ పట్టణం భూగర్భ మురుగు గొట్టాలు వేయాలనుకుంది. పురపాలక సంఘం ముందుగా ప్రజలను అడిగింది, లెక్కలు వారి ముందు పెట్టింది. ఇంటికి 5,000 రూపాయల డిపాజిట్ సేకరించింది. నెలనెలా రుసుము ఎంత ఉంటుందో ముందే చెప్పింది. ప్రజలు కట్టారు. గొట్టాలూ వచ్చాయి, శుద్ధి కేంద్రమూ వచ్చింది. లెక్క దాచకపోతే ప్రజలు చెల్లిస్తారని ఆలందూరు రుజువు చేసింది. అయితే అది మధ్యతరగతి ఎక్కువగా ఉన్న పట్టణం. కూలికి పోయేవారి బస్తీలో 5,000 రూపాయలు అడిగితే అదే ఫలితం వస్తుందనుకోలేము.

శుద్ధి చేసిన నీటిని అమ్మడం మరో దారి. సూరత్ నగరం 2014 నుంచి రోజుకు 4 కోట్ల లీటర్ల నీటిని బాగా శుద్ధి చేసి పాండేసరా పారిశ్రామిక వాడకు అందిస్తోంది. నాగపూర్ మురుగును శుద్ధి చేసి కొరాడి విద్యుత్ కేంద్రానికి వాడుతున్నారు. శుద్ధి కేంద్రాలకు 50 కిలోమీటర్ల లోపు ఉన్న థర్మల్ విద్యుత్ కేంద్రాలు ఆ నీటినే వాడాలని 2016 విద్యుత్ ధరల విధానం చెప్పింది. ఇది ఆశాజనకమే, కానీ కొనుగోలుదారుడు దగ్గర్లో ఉన్న నగరాలకే. పైగా నీరంతా పరిశ్రమకు పోతే దిగువన దాని మీదే బతికే రైతుకు ఏం మిగులుతుందో కూడా అడగాలి.

గంగా పథకం పాఠం కొంతవరకు ఒంటబట్టిందని చెప్పాలి. నమామి గంగే కింద 2016లో ఆమోదించిన కొత్త పద్ధతిలో కేంద్రం కట్టేవారికి నిర్మాణ సమయంలో ఖర్చులో 40 శాతమే ఇస్తారు. మిగిలిన 60 శాతాన్ని 15 ఏళ్లపాటు, కేంద్రం సరిగా నడిచిన మేరకు వాయిదాల్లో చెల్లిస్తారు. హరిద్వార్, వారణాసిలలో మొదట దీన్ని అమలు చేశారు. నడపని కేంద్రానికి డబ్బు రాదు కాబట్టి ఇది సరైన దిశలో అడుగు. కానీ ఈ పద్ధతి మొత్తం ఒక్క కొలత మీద నిలబడి ఉంది: బయటికి వచ్చే నీటి నాణ్యత. ఆ కొలత తీసేది ఎవరు? నడిపే కంపెనీయే తన పరీక్షాపత్రాన్ని తానే దిద్దుకుంటే మార్కులు నూటికి నూరు వస్తాయి. ఆ ఫలితాలు ప్రతిరోజూ ఊరివాళ్లందరికీ కనిపించాలి.

విద్యార్థులు అడగాల్సిన ప్రశ్నలు

ఈ చర్చనంతా నాలుగు ప్రశ్నలుగా కుదించవచ్చు. మీ ఊళ్లో నీటి పథకమో, శుద్ధి కేంద్రమో వస్తే వీటిని అడిగి చూడండి. దాన్ని కట్టడానికి డబ్బు ఎవరిది? ఐదో ఏట కరెంటు బిల్లు, రసాయనాల ఖర్చు ఎవరు కడతారు? నీటిని పరీక్షించేదెవరు, ఫలితం ఎక్కడ చూడవచ్చు? ఇది ఆగిపోతే నష్టపోయేది ఎవరు, వారికి ఈ నిర్ణయంలో మాట ఉందా?

2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం ప్రకారం మొదటి మూడింటికి పది రూపాయల దరఖాస్తుతో జవాబు కోరవచ్చు. నాలుగో ప్రశ్నకు జవాబు కోసం దరఖాస్తు చాలదు. కాలువ వెంట దిగువకు నడిచి వెళ్లి, అక్కడి బావి నీళ్లు తాగేవాళ్లతో మాట్లాడాలి.